ఒకటే లైను, రెండు బళ్ళు

రైల్వేలో ప్రతి స్టేషన్లోనూ ఒక ఫిర్యాదుల పుస్తకం ఉండేది. నా సర్వీసంతా ఆ పుస్తకానికి కాపలా కాశాను. నీళ్ళు రావడం లేదని, ఫ్యాను తిరగడం లేదని, టీలో ఈగ ఈత కొడుతోందని ప్రయాణికులు రాసిన రాతలన్నీ చదివి, కింద "విచారించి తగు చర్య తీసుకోబడును" అని రాసి సంతకం పెట్టిన చెయ్యి ఇది. చర్య సంగతి దేవుడెరుగు, సంతకం మాత్రం ఎప్పుడూ ఆలస్యం కాలేదు. ఇవాళ ఫిర్యాదు నాది. రాసుకుందామంటే పుస్తకం లేదు, సంతకం పెట్టే నాథుడు అంతకన్నా లేడు. అందుకని మీకు విన్నవించుకుంటున్నాను.

ఫిర్యాది: బిలాస్‌పూర్ జిల్లా బెల్తరా కాపురస్తుడు, రిటైరైన స్టేషన్ మాస్టరు. ప్రతివాదులు ఇద్దరు: మా ఇంట్లో ఒకే లాప్‌టాప్‌లో చెరో వాటాలో కాపురముంటున్న మాక్, లినక్స్. సాక్షి ఒక్కరే, మా ఆవిడ. ఆవిడ సాక్ష్యం నాకు వ్యతిరేకంగా ఉంటుందని ముందే మనవి చేసుకుంటున్నాను.

బెల్తరాలో తెలుగువాడేమిటని అడిగేవాళ్ళు ఉంటారు. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వే గ్యాంగులో పనికి వచ్చాడు. 1887లో పుట్టిన ఆ కంపెనీ 1891కల్లా నాగపూర్ నుంచి ఆసన్‌సోల్ దాకా పట్టాలు పరిచేసింది. ఆ పట్టాల వెంబడే మావాళ్ళూ పరుచుకున్నారు. ఖరగ్‌పూర్‌లో కొందరు దిగిపోయారు, మేము బిలాస్‌పూర్‌లో దిగిపోయాం. 1955లో అది సౌత్ ఈస్టర్న్ అయింది. 2003లో సౌత్ ఈస్ట్ సెంట్రల్ అయి బిలాస్‌పూరే హెడ్డాఫీసు అయింది. పట్టా అదే, బోర్డు మీద పేరు మాత్రం తరానికోసారి మారింది. నేను ఆఫీసులో హిందీ, బజారులో ఛత్తీస్‌గఢీ, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ ఇన్నేళ్ళు లాక్కొచ్చాను. ఒక భాషలోంచి ఇంకో భాషలోకి వెళ్ళడానికి నన్ను ఎవరూ ఆర్పి మళ్ళీ వెలిగించలేదు. ఈ మాట గుర్తుంచుకోండి, దీంతో తరవాత పని పడుతుంది.

లాప్‌టాప్ మా అబ్బాయిది. 2014 నాటి మాక్‌బుక్ ఎయిర్. కొత్తది కొనుక్కుని పాతది నాకు పంపాడు. ఒకప్పుడు తండ్రి చొక్కా పాతబడితే కొడుక్కి వచ్చేది. ఇప్పుడు కొడుకు చొక్కాలూ, ఫోన్లూ, లాప్‌టాప్‌లూ తండ్రికి వస్తున్నాయి. సన్నగా, వెండి పళ్ళెంలా ఉంది. మూత తెరిచి వెలిగిస్తే గుళ్ళో గంట కొట్టినట్టు ఒక శబ్దం. నాకు నచ్చింది. కొన్నాళ్ళు హాయిగా గడిచింది.

తరవాత మొదలయ్యాయి నోటీసులు. ఈ వయసు మిషనుకి బిగ్ సర్ అనే పదకొండో వెర్షనే ఆఖరు స్టేషను, అక్కణ్ణించి ముందుకి లైను లేదు. బ్రౌజరేమో నన్ను కొత్తది చెయ్యమంటుంది. చేద్దామంటే సిస్టం పాతదంటుంది. సిస్టం మారుద్దామంటే మిషను పాతదంటుంది. ఇంజను బంగారంలా ఉంది, బొగ్గు ఉంది, డ్రైవరు ఉన్నాడు, రూటు ఎత్తేశారు! నాకు కూడా అరవయ్యో ఏట సరిగ్గా ఇదే చేశారు కాబట్టి దాని బాధ నాకు అర్థమైంది.

ఆ దసరాకి మా మనవడు వచ్చాడు. కూతురి కొడుకు, రాయపూర్‌లో ఇంజనీరింగు. వాడి తెలుగులో సగం హిందీ, మిగతా సగం కంప్యూటరు. "తాతా, టెన్షన్ మత్ లో. లినక్స్ వేసేద్దాం. పాత మిషనుకి కొత్త ప్రాణం వచ్చేస్తది. మాక్ కూడా ఉంటది. డ్యూయల్ బూట్" అన్నాడు.

"బూట్లు వాకిట్లోనే ఇప్పమను" అంది మా ఆవిడ వంటింట్లోంచి. ఆ ఒక్క మాట విని ఉంటే ఇవాళ ఈ వ్యాసం ఉండేది కాదు.

మొదట పంపకాలు. ఈ మిషను డిస్కు 128 జీబీ అని పెట్టె మీద ఉంటుంది. లోపల చూస్తే 121. మిగతా ఏడూ ఏవని అడిగితే మనవడు ఏదో లెక్క చెప్పాడు. లెక్కలో రహస్యం ఎంత ఉన్నా, బంగారం కొట్లో తరుగు తీసినప్పుడు కూడా ఇలాంటి లెక్కే చెబుతారని నాకు తెలుసు. ఆ 121లో మాక్‌కి ఎనభై, లినక్స్‌కి నలభై అని గీత గీశాడు. అన్నదమ్ముల పంపకంలో గోడ కట్టినట్టే. గోడ కట్టేముందు మాక్‌ని కాస్త సర్దుకుని కూర్చోమని చెప్పాలట. అది సర్దుకోవడానికి మూడు గంటలు పట్టింది. మా పెద్దన్నయ్య పెరట్లో జామచెట్టు వాటా వదులుకోవడానికి మూడేళ్ళు పట్టింది కాబట్టి, ఈ విషయంలో మాక్‌ని నేనేమీ అనను.

గోడ లేచింది. పెన్‌డ్రైవు గుచ్చి, గంట మోగగానే ఆప్షన్ కీ నొక్కి పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను. తెర మీద ఒక పక్క మాక్ డిస్కు, ఇంకో పక్క నారింజ రంగు బొమ్మ. బాణం జరిపి ఎంటర్ కొట్టాడు. అరగంటలో లినక్స్ వారు గృహప్రవేశం చేశారు. పాలు పొంగించడం ఒక్కటే తక్కువ.

ఇక్కడ ఒక్క సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే నాకు బాగా తెలిసిన సంగతి ఇదొక్కటే. సింగిల్ లైను మీద రెండు స్టేషన్ల మధ్య ఒకేసారి ఒకటే బండి ఉండాలి. దీనికి మా దగ్గర నీల్స్ బాల్ టోకెన్ అనే పరికరం ఉండేది. ఈ స్టేషన్లో ఒకటి, ఆ స్టేషన్లో ఒకటి, రెండింటికీ తీగల సంబంధం. అవతలి మాస్టరు ఒప్పుకుని మీట నొక్కితేనే ఇవతల పెట్టెలోంచి ఇనుప గుండు ఒకటి దొర్లుకుంటూ బయటికొస్తుంది. ఆ గుండుని తోలు సంచిలో వేసి, బెత్తం చట్రానికి తగిలించి డ్రైవరుకి అందిస్తే, పోయే బండిలోంచి చెయ్యి చాచి అందుకునేవాడు. గుండు వాడి దగ్గరున్నంతసేపూ ఇటు నుంచి గానీ అటు నుంచి గానీ రెండో గుండు రాదు. నెత్తి బాదుకున్నా రాదు. అవతలి పెట్టెలో ఆ గుండు పడ్డాకే లైను ఖాళీ అయినట్టు. వానలో, చలిలో, నిద్రమత్తులో కూడా రెండు బళ్ళు ఎదురుపడకుండా కాపాడింది ఆ గుండు. నా తెలివి కాదు, ఆ గుండే.

లాప్‌టాప్‌లోనూ అంతే. ప్రాసెసరు ఒక్కటే లైను. మాక్ నడుస్తుంటే లినక్స్ లూప్ లైన్లో నిద్ర. లినక్స్ నడవాలంటే మాక్ పూర్తిగా దిగిపోవాలి. ఈ మాట మనవడితో అంటే వాడు నన్ను కౌగిలించుకుని, "తాతా, నువ్వు బూట్‌లోడర్‌వి" అన్నాడు. పొగడ్తో తిట్టో ఇప్పటికీ తేలలేదు. ఆ గుండు ఎవరికివ్వాలో అడిగే మాస్టరుని కూడా వాడే పెట్టాడు, పేరు రీఫైండ్. మిషను లేవగానే ఆపిల్ బొమ్మా పెంగ్విన్ బొమ్మా పక్కపక్కన పెట్టి, ఇరవై సెకన్లు చూస్తుంది. మనం ఏమీ చెప్పకపోతే తనకి తోచిన బండిని వదిలేస్తుంది. మా రోజుల్లో అలా వదిలితే సస్పెన్షనే.

ఇద్దరినీ ఒకేసారి నడిపించే ఉపాయం లేదా అని పక్కింటాయన అడిగాడు. ఉందిట. మాక్ లోపలే ఒక గది ఇచ్చి లినక్స్‌ని అద్దెకి పెట్టుకోవచ్చుట. మా మిషనుకి మెమరీ 4 జీబీ. ఇంటివాడికే చాప చాలడం లేదు, అద్దెవాడికెక్కడ వేస్తాం?

లినక్స్‌ని ఊరు చూపిద్దామని వైఫై అడిగాం. వైఫై లేదంది. ఉంది, కళ్ళ ముందే దీపాలు వెలుగుతున్నాయి. అయినా లేదంది. సంగతేమిటంటే, ఈ మిషనులో ఉన్న వైఫై చిప్పుని ఎలా నడపాలో దాన్ని చేసినవాళ్ళు లోకానికి చెప్పలేదు. లినక్స్ వాళ్ళు అందరి ముందూ విప్పి రాసుకునే మనుషులు, వీళ్ళు తాళంచెవి బొడ్లో దోపుకునే మనుషులు. అంచేత దాని డ్రైవరు విడిగా ఇంటర్నెట్టు నుంచి తెచ్చుకోవాలి. ఇంటర్నెట్టు కావాలంటే వైఫై ఉండాలి. పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కాదు, పెళ్ళయితేగానీ పిచ్చి కుదరదు! చివరికి మనవడు తన ఫోనుని తీగతో గుచ్చి, ఫోను ఇంటర్నెట్టు దీనికి పోసి, ఆ డ్రైవరుని దింపాడు. బాగానే ఉంది. వాడు రాయపూర్ వెళ్ళిపోయిన పదిహేను రోజులకి లినక్స్ తన గుండెకాయ లాంటి కెర్నల్ కొత్తది వచ్చిందని, వేసుకోమంటావా అని అడిగింది. మర్యాదగా అడిగింది కదా అని ఊఁ అన్నాను. వైఫై మళ్ళీ మాయం. కొత్త కెర్నల్‌కి ఆ డ్రైవరుని మళ్ళీ కుట్టించాలిట. బ్లౌజు కాదు కదా పండక్కి పండక్కి కుట్టించడానికి!

కెమెరా సంగతి ఇంకా చిత్రం. ఎవరో పుణ్యాత్ములు దాని గుట్టు కనిపెట్టి డ్రైవరు రాశారు గానీ, అది కళ్ళు తెరవాలంటే మాక్ దగ్గరున్న డ్రైవరు లోంచి ఒక చిన్న ముక్క కోసి తెచ్చి చెవిలో ఊదాలి. పుట్టింటి నుంచి మంత్రం వస్తేగానీ కోడలు కళ్ళు విప్పనందన్నమాట. మా అబ్బాయితో వీడియోలో మాట్లాడాలంటే మాక్, ఉత్తరం రాయాలంటే లినక్స్. ఒక ఇంట్లో రెండు పొయ్యిలు, ఒక పొయ్యి మీద అన్నం ఉడకదు, ఇంకో పొయ్యి మీద పప్పు ఉడకదు.

న్యాయంగా ఒక మంచి మాట కూడా రికార్డు చెయ్యాలి. పక్కింటాయన కంప్యూటర్లో విండోసూ లినక్సూ ఉన్నాయి. అందులో ఒకరు గడియారంలో మన టైము రాస్తారు, ఇంకొకరు దాన్ని గ్రీనిచ్ టైమనుకుని చదువుతారు. బండి మారినప్పుడల్లా ఐదున్నర గంటలు తేడా. రైల్వేవాడికి ఇంతకన్నా నరకం గరుడపురాణంలో కూడా లేదు. మా ఇంట్లో ప్రతివాదులకి ఆ రోగం లేదు. గడియారం దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకే మాట.

అసలు ఈ కాపురం ఎవరి బుద్ధి అని మనవణ్ణి నిలదీశాను. వాడు వంశవృక్షం విప్పాడు. 1996లో ఆపిల్ కంపెనీయే స్వయంగా డబ్బు పెట్టి తన పవర్ మాకింతోష్‌ల మీద లినక్స్ నడిపించిందట, దాని పేరు ఎంకేలినక్స్. అంటే ఈ సంబంధం మొదట కలిపింది ఆడపెళ్ళివారే. 1999లో యెల్లో డాగ్ అనే లినక్స్ మాక్‌ల కోసమే పుట్టింది. ఆ పచ్చకుక్క ఏనాడో వెళ్ళిపోయింది గానీ, దాని సామాను తెచ్చిపెట్టే పనిముట్టుని మార్చి చేసిన యమ్ అనేది మాత్రం పెద్ద పెద్ద సర్వర్లలో చాలా ఏళ్ళు ఊడిగం చేసింది. యమ్ పేరు వినగానే నేను దున్నపోతు ఏదీ అని వెతికాను. 2006 జనవరిలో మాక్‌లలోకి ఇంటెల్ చిప్పులు వచ్చాయి. ఏప్రిల్లో బూట్ క్యాంప్ అని ఆపిల్ వాళ్ళే రెండో వాటా వేసుకోవడానికి దారి చూపించారు, కానీ విండోస్‌కి మాత్రమే. లినక్స్ మాత్రం పెరటి గుమ్మం గుండా రావాల్సిందే. మా రీఫైండ్ ఆ పెరటి గుమ్మం కాపలాదారే.

ఇదంతా విని నేను నోరెళ్ళబెట్టినా, అసలు దెబ్బ తగిలింది ఉగాదికి.

మా తెలుగువాళ్ళు ఏటా ఉగాదికి ఒకచోట చేరి పచ్చడి తిని, పంచాంగం విని, పులిహోర దగ్గర తగువు పడి ఇళ్ళకి వెళతారు. ఆ పిలుపు రాసే బాధ్యత ఈసారి నాది. రాత్రి పదకొండింటి దాకా కూర్చుని తెలుగులో టైపు చేశాను. నా టైపింగు నత్తనడక. "సకుటుంబ సపరివార సమేతంగా" అని కొట్టడానికే పావుగంట. అక్షరం అక్షరం సరిచూసుకుని, డెస్క్‌టాప్ మీద పెట్టి, మిషను ఆర్పి, నిశ్చింతగా పడుకున్నాను.

పొద్దున్న లేచి మూత తీసి మిషను వెలిగించాను. డెస్క్‌టాప్ బోసిపోయి ఉంది. కాగితం లేదు. చెత్తబుట్టలో చూశాను, లేదు. ఎక్కడా లేదు. ఇంట్లో ఉన్నది ఇద్దరం, నేను తీయలేదు కాబట్టి నేరం ఎవరిదో తేల్చడానికి పెద్ద విచారణ అక్కర్లేదనుకున్నాను.

"రాత్రి రాసిన కాగితం ఏం చేశావు?"

"నేనేటి చేస్తానండీ? ఆ పెట్టె మూత కూడా ముట్టుకోలేదు. పంచాంగం కింద చూడండి."

"కంప్యూటర్లో కాగితం పంచాంగం కిందెందుకుంటుంది?"

"మరి కళ్ళజోడు ఫ్రిజ్జులో ఎందుకుంది నిన్న?"

ఇలాంటి వాదనకి రైల్వే మాన్యువల్లో జవాబు లేదు. మనవడికి ఫోను చేశాను. వాడు ఒక్కటే మాట అడిగాడు: "తాతా, ఏ ఇంట్లో రాశావ్?"

అప్పుడు వెలిగింది. రాసింది లినక్స్ ఇంట్లో. పొద్దున్న మూత తీసింది మాక్ ఇంట్లో. మధ్యలో గోడ. మాక్ వాళ్ళు 2017 నుంచి సామాను ఏపీఎఫ్ఎస్ అనే పద్ధతిలో మూట కడతారు, లినక్స్ కెర్నల్‌కి ఆ ముడి విప్పడం పుట్టుకతో రాదు. లినక్స్ వాళ్ళ మూట ఎక్స్‌ట్4, అది మాక్ కంటికి ఆనదు. ఒకటే గోడకి అటూ ఇటూ పడుకుని ఒకరి గురక ఒకరికి వినపడని కాపురం ఇది.

మా ఆవిడకి క్షమాపణ చెప్పాను. ఆవిడ దాన్ని స్వీకరించలేదు, భవిష్యత్తులో వాడుకోవడానికి దాచుకుంది. సరే అని ఆర్పి, వెలిగించి, ఆప్షన్ కీ పట్టుకుని, లినక్స్‌లోకి వెళ్ళి, కాగితాన్ని పెన్‌డ్రైవులోకి ఎక్కించుకుని బిలాస్‌పూర్ బస్సెక్కాను. పెన్‌డ్రైవు కూడా లినక్స్ పద్ధతిలోనే కట్టిన మూట అని నాకేం తెలుసు? ప్రింటు తీసే కొట్లో కుర్రాడు గుచ్చగానే వాడి విండోస్ తెర మీద ఏదో అడిగింది. వాడు చదవలేదు. చదివే వయసా అది? టకీమని ఎంటర్ కొట్టాడు, ఇంకోటి అడిగితే దానికీ కొట్టాడు. ఫార్మాట్ చెయ్యమంటారా అని అది అడగడం, సరే అని వీడు చెప్పడం, నేను చిల్లర లెక్కపెట్టుకుంటుండగా అయిపోయాయి. "అంకుల్‌జీ, ఇస్‌మే తో కుఛ్ నహీ హై" అన్నాడు వాడు, ఎంతో నిజాయితీగా. ఆ క్షణానికి అందులో నిజంగానే ఏమీ లేదు.

అక్కడే బల్ల మీద తెల్లకాగితం పరిచి, జేబులో పెన్ను తీసి, పిలుపు చేత్తో రాశాను. పది నిమిషాలు పట్టింది. వంద జిరాక్సులు తీయించాను. ఉగాది రోజున ఎంతమంది మెచ్చుకున్నారో చెప్పలేను. "మాస్టారూ, ఈ కాలంలో చేతిరాత ఎవరు రాస్తున్నారండీ! ఎంత ముచ్చటగా ఉందో!" నేను వినయంగా తల వంచుకున్నాను.

తరవాత మనవడొచ్చి గోడ మధ్యలో ఇద్దరికీ అర్థమయ్యే ఎక్స్‌ఫ్యాట్ గది ఒకటి కట్టాడు. లినక్స్ కెర్నల్లోకి దానికి తలుపు 2019లో, 5.4 వెర్షనుతో వచ్చిందిట. నాకు ఆ గదిని చూస్తే గోండియా గుర్తొచ్చింది. ఒకప్పుడు అక్కడ మా బ్రాడ్‌గేజ్ మెయిన్ లైనూ, జబల్‌పూర్ వెళ్ళే నేరోగేజ్ లైనూ కలిసేవి. ఒకటి 1676 మిల్లీమీటర్లు, ఇంకోటి 762. ఒక పెట్టె ఇంకో పట్టా మీదికి ఎక్కదు. సామానంతా ఇందులోంచి దించి అందులోకి ఎక్కించాల్సిందే. ఇప్పుడక్కడ అంతా బ్రాడ్‌గేజే. మూటలు దించి ఎక్కించే కూలీ ఇప్పుడు ఎక్కడున్నాడయ్యా అంటే మా ఇంట్లో ఉన్నాడు, పెన్షన్ తీసుకుంటున్నాడు.

ఇంకో పక్క నా వేళ్ళ గోడు ఎవరికీ పట్టదు. మాక్‌లో నకలు తియ్యాలంటే కమాండ్, సి. లినక్స్‌లో కంట్రోల్, సి. బొటనవేలు పని ఇక్కడ, చిటికెనవేలు పని అక్కడ. వేళ్ళు ఏ ఇంట్లో ఉన్నాయో వేళ్ళకి ఎవరు చెబుతారు? మూడు భాషల మధ్య చీమ కుట్టినట్టయినా లేకుండా తిరిగిన మనిషిని నేను. ఒక్క సి కోసం తడబడుతున్నాను.

తెలుగు మాటెత్తాను కాబట్టి, ఇంకొకటి. లోకమంతా ఆపిల్ వాళ్ళ వస్తువులకి తెలుగు రాదనుకుంటే పొరపాటు. 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరం వాళ్ళ ఐఫోన్లనీ మాక్‌లనీ కుప్పకూల్చింది. అక్షరం ఏదనుకున్నారు? జ్ఞా. జ్ఞానంలో జ్ఞా! మామూలుగా మనం రాసే జ్ఞా కాదు లెండి. ఒత్తుకీ దీర్ఘానికీ మధ్య కంటికి కనపడని విడదీత గుర్తు ఒకటి ఇరుక్కుంటే, దాన్ని తెర మీద గీయబోయి ఆ యాప్ కాస్తా చచ్చూరుకునేది. మెసేజి పంపిస్తే చాలు, అవతలివాడి మెసేజి పెట్టె మూతపడేది. అల్లరి పిల్లలు లోకం మొత్తం మీద తెలుగు రాకపోయినా తెలుగు పంపించారు. ఆ నెల 19న ఐఫోన్లకి 11.2.6 అని మందు వేశారు, మాక్‌లకీ వేశారు. ఆ బొమ్మ గీసే యంత్రం ఆపిల్ వాళ్ళ సొంతం కాబట్టి లినక్స్‌కి ఆ జ్వరం రాలేదు. మన భాషలో లోకం తలకిందులు చేసిన అక్షరం ఏదని నన్నెవరైనా క్విజ్జులో అడగాలని ఎదురుచూస్తున్నాను. హైదరాబాదులో 2005 నుంచి స్వేచ్ఛ అనే సంఘంవాళ్ళు లినక్స్‌కి తెలుగు నేర్పడానికి పడిన శ్రమ ఎవరికీ గుర్తుండదు గానీ, ఈ జ్ఞా మాత్రం ఊరూరా తెలిసింది. మంచిపేరు నడుచుకుంటూ వస్తుంది, అల్లరి రాజధాని ఎక్స్‌ప్రెస్‌లో వస్తుంది.

ఒకరోజు మిషను గొంతు పోయింది. పాట లేదు, మాట లేదు. తెలిసినాయన ఒకరు సలహా చెప్పారు: గంట మోగగానే ఆప్షన్, కమాండ్, పి, ఆర్ నాలుగూ ఒకేసారి నొక్కి పట్టుకోవాలిట. రెండు చేతులూ వేసి హార్మోనియం వాయించినట్టు పట్టుకున్నాను. గంట రెండోసారి మోగింది. గొంతు వచ్చింది. లినక్స్ పోయింది! మెనూ లేదు, పెంగ్విన్ లేదు, ఆపిల్ ఒక్కటే నిలబడి చూస్తోంది. ఆ నాలుగు మీటలూ మిషను గుర్తుపెట్టుకున్న చిట్టా మొత్తం తుడిచేస్తాయిట, ఏ బండి ముందు వెళ్ళాలన్న రాత కూడా అందులోదే. మనవడు ఫోనులో నవ్వి నవ్వి చెప్పాడు: ఇల్లు అక్కడే ఉంది తాతా, నేమ్‌ప్లేటే ఊడింది. ఆప్షన్ కీ పట్టుకుని ఈఎఫ్ఐ బూట్ అన్న బొమ్మ మీద కొట్టమన్నాడు. కొడితే పెంగ్విన్ ఏమీ ఎరగనట్టు లేచి కూర్చుంది.

కొత్త మాక్‌ల సంగతి వింటే మన పాతదే నయమనిపిస్తుంది. 2018 నుంచి వచ్చిన చాలావాటిలో టీ2 అనే కాపలా చిప్పు ఉంది. పరాయి బండిని రానివ్వాలంటే ముందు దాని కాపలా ఆపించాలి. తీరా వచ్చాక కీబోర్డు కూడా దాని చేతిలోనే ఉంటుంది, లినక్స్ కూర్చుంటుంది గానీ చేతులుండవు. విడిగా మందు వేస్తే వస్తాయి. 2020 నవంబరులో ఎం1 అని ఆపిల్ సొంత చిప్పే వచ్చేసింది. ఇక లినక్స్ పని అయిపోయిందనుకున్నారంతా. హెక్టర్ మార్టిన్ అనే ఆయన అసాహి అనే పని మొదలుపెట్టాడు. అసాహి అంటే జపాన్‌లో మాకింతోష్ జాతి ఆపిల్ పండుకి పేరుట. ఏ పుస్తకమూ లేకుండా ఆ చిప్పుని తట్టి, వాసన చూసి, నాడి పట్టి, 2022 మార్చిలో మొదటి కాపురం పెట్టించారు. అదే ఏడాది జూలైలో లినక్స్ పుట్టించిన లినస్ టోర్వాల్డ్స్ స్వయంగా 5.19 వెర్షనుని మాక్‌బుక్ ఎయిర్ మీద నుంచే విడుదల చేశాడు. అందులో కూడా రెండు వాటాలే, అక్కడ ఆప్షన్ బదులు పవర్ బటన్ నొక్కి పట్టుకోవాలి, అంతే తేడా. అంత గొప్పవాడి ఇంట్లో కూడా ఉన్నది నాకున్న తలనొప్పేనని తెలిసి నాకు కొంత ఊరట కలిగింది.

మొన్న దీపావళికి మనవడు మిషనుని ఒళ్ళో పెట్టుకుని అన్నాడు: "తాతా, రోజూ తిట్టుకోవడం ఎందుకు? ఒకటి తీసేద్దాం. మొత్తం 121 జీబీ ఒకరికే ఇచ్చేద్దాం. చెప్పు, ఏది తీసేయమంటావ్?"

నోటిదాకా వచ్చింది గానీ బయటికి రాలేదు. మాక్ వాటాలో మా అబ్బాయి పెళ్ళి ఫొటోలు ఉన్నాయి, వాడు ఉద్యోగానికి వెళ్ళిన మొదటిరోజుది ఉంది, మా అమ్మ ఆఖరి ఫొటో ఉంది. ఎక్కడికైనా మార్చుకోవచ్చు, నిజమే. అయినా ఆ ఇంట్లో ఉన్నట్టు ఉండవు. లినక్స్ వాటాలో, ఎవరికీ చెప్పలేదు, నేను కొద్ది కొద్దిగా సర్వీసు కబుర్లు రాసుకుంటున్నాను, ఎనభై పేజీలయింది. మా ఆవిడ వంటింట్లోంచే తీర్పు చెప్పింది: "ఆ పెంగ్విన్ది తీసీకండి. అది తొందరగా వస్తాది. నా హరికథలు దాంట్లోనే ఉన్నాయి."

"మరి మాక్?"

"పెద్దోడితో మాటాడాలంటే అదే కదేటి?"

సాక్షి నాకు వ్యతిరేకమని ముందే చెప్పాను.

నిన్న సాయంత్రం కరెంటు పోయి వచ్చాక మూత తీసి మిషను వెలిగించాను. గంట మోగింది. ఆపిల్, పెంగ్విన్ పక్కపక్కన నిలబడ్డాయి. ఇరవై, పంతొమ్మిది, పద్దెనిమిది. ఏ బటనూ నొక్కలేదు. కుర్చీలో కాస్త నిటారుగా కూర్చున్నాను, అలవాటు.

"ఏ బండి?" అంది మా ఆవిడ, పాలగిన్నె పొయ్యి మీద పెడుతూ.

"లైన్ క్లియర్ ఇంకా రాలేదు" అన్నాను.